ఊరికి కూడా మార్కులెయ్యండి

పిచ్చోడి చేతిలో రాయి అంటారు. ఆ రాయి పిచ్చోడి చేతిలోకి ఎట్లా వచ్చిందో మాత్రం ఎవరూ చెప్పరు. అంతకుముందు అదే రాయి ఎవడి చేతిలోంచి ఎగిరొచ్చి వాడి నెత్తి పగలగొట్టిందో ఏ కోర్టు కాగితమూ రాయదు. రాయి వాడి చేతిలో కనిపించిన క్షణం నుంచే ప్రపంచం లెక్క మొదలుపెడుతుంది. ఆ లెక్క గురించే ఈ నాలుగు మాటలు.

కొట్టిన మనిషికి మతి సరిగ్గా లేదని కోర్టు తేల్చితే శిక్ష వెయ్యరు. వదలనూ వదలరు. జైల్లోనో పిచ్చాసుపత్రిలోనో పెడతారు. బయటికి రావాలంటే ఆ మనిషి ఒక్క ప్రశ్న దాటాలి. ‘వీణ్ణి వదిలితే తనకు గానీ ఇంకొకళ్ళకు గానీ హాని చేస్తాడా?’ 1973 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో 338, 339 సెక్షన్లు ఈ ప్రశ్న మీదే నిలబడ్డాయి. 2024 జులై 1 నుంచి దాని స్థానంలోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో అదే ప్రశ్న 377, 378 సెక్షన్లలో కూర్చుంది. చట్టం పేరు మారింది. ప్రశ్న మారలేదు. ప్రశ్న అడిగేవాళ్ళూ, బోనులో నిలబడేవాళ్ళూ మారలేదు.

ఈ ప్రశ్నకు జవాబు చెప్పే విద్యకు ఫోరెన్సిక్ సైకియాట్రీలో పెద్ద పేరుంది. వయొలెన్స్ రిస్క్ అసెస్‌మెంట్. మన మాటల్లో, వీడు మళ్ళీ కొడతాడా లేదా అని ముందే చెప్పటం. మా ఊళ్ళో ఈ పని సోదెమ్మ చేసేది. ఆమె పావలా పుచ్చుకునేది, ఎవర్నీ తాళం వేసి పెట్టేది కాదు.

వెటకారం పక్కనబెట్టి ఆ విద్యలోకే పోదాం. దాన్ని తెలుసుకోకుండా తిట్టటం మనకు కుదరదు. తెలుసుకున్నాక ఊరుకోవటమూ కుదరదు.

వెనకటి రోజుల్లో డాక్టరు రోగి మొహం చూసి, తన అనుభవాన్నిబట్టి ప్రమాదకారి అని రాసేవాడు. అది నమ్మదగింది కాదని అమెరికాలో తేలిపోయింది. తేలిన తీరు కూడా తెలుసుకోవాల. న్యూయార్క్ రాష్ట్రంలో జానీ బాక్స్‌ట్రమ్ అనే ఖైదీ శిక్షా కాలం 1961లోనే ముగిసింది. అయినా ప్రమాదకారి అని నేరస్తుల పిచ్చాసుపత్రిలోనే ఉంచేశారు. 1966లో అమెరికా సుప్రీంకోర్టు ఇది చెల్లదంది. ఆ ఒక్క తీర్పుతో అట్లా మూసిపెట్టిన 967 మందిని మామూలు మానసిక ఆసుపత్రులకు మార్చక తప్పలేదు. అందరూ భయపడ్డారు, నెత్తురు పారుతుందన్నారు. హెన్రీ స్టెడ్‌మన్, జోసెఫ్ కొకోజా అనే పరిశోధకులు నాలుగేళ్ళపాటు వాళ్ళ వెంటబడి లెక్క తీశారు. ఆ 967 మందిలో మళ్ళీ కాపలా ఆసుపత్రికి పంపాల్సి వచ్చింది 26 మందిని. మిగతా వాళ్ళందర్నీ డాక్టర్లు ఏళ్ళ తరబడి చూసి, సంతకాలు పెట్టి, ప్రమాదకారులని మూసిపెట్టారు.

ఆ దెబ్బతో కొత్త ఫారాలొచ్చాయి. అనుభవం కాదు, అంకెలు కావాలన్నారు. రాబర్ట్ హేర్ అనే కెనడా మనస్తత్వ శాస్త్రవేత్త సైకోపతీ చెక్‌లిస్టు తయారుచేశాడు. 20 అంశాలు, ఒక్కోదానికి 0, 1, 2 మార్కులు, మొత్తం 40. 1993లో ఒంటారియోలో వి.ఆర్.ఎ.జి. అనే 12 అంశాల పట్టిక వచ్చింది. 1995లో హెచ్.సి.ఆర్.-20 వచ్చింది. అందులో గతానికి 10, ఇప్పటి స్థితికి 5, రేపటికి 5. ఇది మార్కులు కూడి తీర్పు చెప్పమనదు, ఒక్కో అంశం మీద ఆలోచించమంటుంది. అన్నిట్లోకీ కాస్త నయమైంది ఇదే.

నేను బడిపంతుల్ని. మార్కులెయ్యటం నా వృత్తి. మార్కులేసేవాడు ముందు ఏం చూస్తాడో, ఏం చూడడో నాకు తెలుసు. అందుకని వి.ఆర్.ఎ.జి.లో రెండు అంశాలు చదవంగానే నా చూపు అక్కడే ఆగింది. ఒకటి, పదహారేళ్ళు వచ్చేదాకా కన్న తల్లిదండ్రులిద్దరి దగ్గరా పెరిగాడా? రెండోది, ప్రాథమిక పాఠశాలలో ఇమడలేకపోయాడా?

ఇమడలేకపోయాడా! అయ్యా, మా పెదనాన్న మూడో తరగతిలో బడి మానేశాడు. బడికొచ్చిన మాదిగ పిలగాళ్ళ చేత వసారా ఊడిపిచ్చి, నీళ్ళ కుండ దగ్గరికి మాత్రం రానియ్యని కాలం అది. కుండ ముట్టుకున్నందుకు వీపు చిట్లింది. మళ్ళీ బడి గడప తొక్కలేదు. బడి రిజిస్టర్లో ఏమని ఉంటది? ‘మానేశాడు’ అని. ఎవరు ఎవరితో ఇమడలేకపోయారు? పిల్లాడు బడితోనా, బడి పిల్లాడితోనా? ఫారంలో ఆ గడి లేదు. తల్లిదండ్రులిద్దరి దగ్గరా పెరగటమా? పదేళ్ళకే కామందు గొడ్ల చావిట్లో జీతానికి కుదిరినోడు ఎవరి దగ్గర పెరిగినట్టు? గొడ్ల దగ్గర పెరిగాడు. దానికీ గడి లేదు.

మన దగ్గర ప్రతి ఆసుపత్రిలోనూ ఈ ఫారాలే వాడుతున్నారని నేననను. ఫారం ఉన్నా లేకపోయినా చూసే కళ్ళు ఒకటే. ఆ కళ్ళు ఎట్లా చూస్తాయో మా ఇంట్లో చూశాం.

మా పెదనాన్నకు జబ్బు ఉంది. ఆ మాట దాచను. చచ్చిపోయిన వాళ్ళమ్మ గోడలోంచి పిలుస్తుందనేవాడు. రాత్రిళ్ళు లేచి చెరువు కట్టెంబడి తిరిగేవాడు. మూడేళ్ళు అట్లా తిరిగాడు. ఎవర్నీ చెయ్యెత్తి కొట్టలేదు. 2003లో, నేను పదో తరగతిలో ఉండగా, ఊరి సెంటర్లో పెద్ద కులాల కుర్రోళ్ళు ఆయన్ని కరెంటు స్తంభానికి కట్టేసి, పంచె లాగేసి నవ్వుకున్నారు. మా నాన్న పోయి కాళ్ళు పట్టుకుంటే విప్పారు. తెల్లారి అదే సెంటర్లో వాళ్ళల్లో ఒకణ్ణి పెదనాన్న కర్రతో కొట్టాడు. చెయ్యి విరిగింది. 326 కింద కేసయింది. స్తంభానికి కట్టేసిన సంగతి మా నాన్న స్టేషన్లో చెప్పబోతే, “పిచ్చోడికి సాక్ష్యం నువ్వా?” అన్నారు. కట్టేసినోళ్ళ మీద కేసు లేదు. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం 1989లోనే వచ్చింది. మా ఊరి స్టేషనుకు అది ఇంకా దారిలోనే ఉంది.

జైలు, తరువాత పెద్దాసుపత్రి. మొత్తం తొమ్మిదేళ్ళు. 2012లో ఆయన్ని తెచ్చుకోవటానికి తిరిగినప్పుడు వకీలు ద్వారా ఆ కాగితాల జిరాక్సు నా చేతికొచ్చింది. మా ఇంట్లో ఇంగ్లీషు కాగితం చదివిన మొదటోణ్ణి నేనే. అందులో ఉన్నవి పెద్ద మాటలేం కాదు, అయిదే అయిదు. ఏ కవ్వింపూ లేకుండా దాడి చేశాడు. ఊరివాళ్ళు తనను చంపాలని చూస్తున్నారనే భ్రమ ఉంది. చేసినదానికి పశ్చాత్తాపం లేదు. కుటుంబ సహకారం లేదు. స్థిరాస్తి, జీవనాధారం లేవు. కింద తేల్చిన మాట, ప్రమాదకరం, విడుదలకు తగడు.

ఒక్కొక్కటే చూడండి.

కవ్వింపు లేకుండానట. స్తంభం సంగతి ఎఫ్.ఐ.ఆర్.లో లేదు గనక ఆసుపత్రి కాగితంలోకి రాలేదు. ఆసుపత్రి కాగితంలో లేదు గనక జరగనే లేదు. పోలీసు రాయని మాట డాక్టరు దగ్గరికొచ్చేసరికి శాస్త్రమయింది. కారణం లేకుండా కొట్టేవాడు ఎప్పుడైనా ఎవర్నైనా కొడతాడు గదా! ఒక్క వాక్యం తీసేస్తే మనిషి మృగమైపోతాడు.

చంపాలని చూస్తున్నారనే భ్రమ అట. గోడలో తల్లి పిలుపు భ్రమే, ఒప్పుకుంటాం. మందులేసుకున్నాక అది తగ్గింది. కానీ ఊరోళ్ళు చంపుతారనే మాట తగ్గలేదు, ఎన్ని మందులేసినా తగ్గదు, ఎందుకంటే అది జబ్బు కాదు. మాది కారంచేడుకూ చుండూరుకూ దూరమైన ఊరు కాదు. 1985 జులై 17న కారంచేడులో ఆరుగురు మాదిగల్ని చంపారు. 1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిది మంది దళితుల్ని తరిమి చంపి, గోనెసంచుల్లో కుక్కి కాలవలో పడేశారు. ఆ కబురు విన్న రాత్రి మా పల్లెలో ఎవరూ దీపం పెట్టలేదని మా అమ్మ చెప్పేది. పల్లె మొత్తానికి ఉన్న భయం అది. పల్లెలో ఉంటే దాన్ని జ్ఞాపకం అంటారు. ఆసుపత్రి మంచం మీద ఉంటే లక్షణం అంటారు.

పశ్చాత్తాపం లేదట. ఆయన్ని అడిగినప్పుడల్లా “వాళ్ళు నన్ను కట్టేశారు” అనే చెప్పాడు. దానికి కాగితం పెట్టిన పేరు ‘తన స్థితిపై అవగాహన లేకపోవడం’. ఆయనకు అవగాహన ఎక్కువై అట్లా అన్నాడని రాసే కలం ఆ ఆసుపత్రిలో లేదు.

కుటుంబ సహకారం లేదట. మా ఊరినుంచి ఆ ఆసుపత్రికి రెండు బస్సులు, ఒక రైలు. రానూ పోనూ రెండు రోజుల కూలి పోతది. మా పెద్దమ్మ, మా నాన్న దారి ఖర్చులకు అప్పు చేసి పోతే చూసే వేళ దాటిందని గేటు దగ్గరే నిలబెట్టేవాళ్ళు. ఇచ్చిన జొన్నరొట్టెల మూట లోపలికి పోయిందో లేదో ఆ దేవుడికే తెలియాల. గేటు బయట కూచుని పోయినోళ్ళకు రిజిస్టరుండదు. లోపల రిజిస్టర్లో మాత్రం ‘బంధువులెవరూ రాలేదు’.

ఇక స్థిరాస్తి. దీని గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. 2012లో నాకు డీఎస్సీలో ఉద్యోగం వచ్చింది. గవర్నమెంటు ఉద్యోగి పూచీకత్తు గనక కాగితాలు కదిలాయి. ఆ ఏడాదే ఆయన ఇంటికొచ్చాడు. తొమ్మిదేళ్ళు ప్రమాదకారిగా ఉన్న మనిషి, మా ఇంట్లో ఉద్యోగం వచ్చిన కొద్ది నెలలకే ప్రమాదకారి కాకుండా పోయాడు. ఆయన బుర్రలో ఏం మారిందో నాకు తెలియదు గానీ, ఫైల్లో మారింది నా జీతం స్లిప్పు ఒక్కటే. ఆ తర్వాత ఎనిమిదేళ్ళు బతికాడు. మాత్రలేసుకున్నాడు, నా పిల్లల్ని ఎత్తుకుని తిరిగాడు, ఎవర్నీ ఒక్క దెబ్బ కొట్టకుండా పోయాడు.

ఒక్క మనిషి కథతో సిద్ధాంతం కడుతున్నావని అంటారు. సరే, లోకం చూద్దాం రండి.

1851లో అమెరికాలోని లూసియానాలో శామ్యూల్ కార్ట్‌రైట్ అనే డాక్టరు ఒక జబ్బు కనిపెట్టాడు. పేరు డ్రేపిటోమేనియా. బానిసలు యజమాని దగ్గర్నుంచి పారిపోవటమే జబ్బు. మందు కొరడా దెబ్బలు. నవ్వొస్తుందా? నవ్వకండి. సంచార తెగల వాళ్ళకు సహజంగానే పారిపోయే గుణం ఉంటుందని, వాళ్ళను కాపలా పనికి పెట్టొద్దని మన దేశపు జైలు మాన్యువల్లో 2024 దాకా ఉంది. ఖైదీల్లో ఎవరు వంట చెయ్యాల, ఎవరు పాకీ పని చెయ్యాల అన్నదీ కులాన్నిబట్టే. సుకన్య శాంత అనే జర్నలిస్టు 2020లో దీన్ని బయటపెట్టి కోర్టుకు పోతే, 2024 అక్టోబరు 3న సుప్రీంకోర్టు అవన్నీ రాజ్యాంగ విరుద్ధమని కొట్టేసింది. కార్ట్‌రైట్‌కూ మన జైలు మాన్యువల్‌కూ మధ్య 170 ఏళ్ళు. గుణం మాత్రం ఒకటే.

అసలు పుట్టుకనుబట్టి ప్రమాదం లెక్కగట్టే పని మనకు ఏ ఫారమూ నేర్పలేదు. 1871లో తెల్లదొరలు క్రిమినల్ ట్రైబ్స్ చట్టం తెచ్చారు. 1911 చట్టంతో అది మద్రాసు రాజధానికీ వచ్చింది. బాపట్ల పక్కన స్టూవర్టుపురంలో ఎరుకలోళ్ళను సాల్వేషన్ ఆర్మీ చేతికింద సెటిల్మెంట్లో పెట్టారు. హాజరు వేయించుకోవాల, ఊరు దాటాలంటే పాసు చూపించాల. అప్పుడే పుట్టిన బిడ్డ నేరస్తుల తెగ బిడ్డే. 1952లో చట్టం రద్దయింది. కానీ ఎక్కడ దొంగతనం జరిగినా స్టూవర్టుపురం పేరెత్తే నోళ్ళు రద్దు కాలేదు. ప్రమాద అంచనా అనే విద్యకు మన దేశంలో మొదటి పాఠం ఇదే. దొరలు రాశారనుకోకండి. పుట్టుకతోనే వృత్తి, పుట్టుకతోనే బుద్ధి అని దొరలకు చెప్పి రాయించినోళ్ళు ఇక్కడివాళ్ళే. మనువు దగ్గర ఉన్న పట్టికకే దొర రిజిస్టరు కుట్టించాడు.

ఇంగ్లండుకు పోదాం. చుండూరు జరిగిన నెలలోనే, 1991 ఆగస్టు 28న, బ్రాడ్‌మూర్ అనే కాపలా మానసిక ఆసుపత్రిలో ఆర్విల్ బ్లాక్‌వుడ్ అనే నల్లజాతి మనిషి ఒంటరి గదిలో సూదిమందు పొడిచాక చచ్చిపోయాడు. బొమ్మ తుపాకీతో చేసిన దోపిడీ కేసులో అతనికి పడింది మూడేళ్ళ శిక్ష. అంతకుముందు 1984లో మైకేల్ మార్టిన్, 1988లో జోసెఫ్ వాట్స్ అదే ఆసుపత్రిలో అట్లాగే పోయారు. ముగ్గురూ నల్లవాళ్ళే. 1993లో విచారణ నివేదిక వచ్చింది. దాని పేరులోనే జవాబుంది. భారీ మనిషి, నల్లవాడు, ప్రమాదకారి. ఈ మూడు మాటలూ అక్కడి సిబ్బంది బుర్రల్లో ఒకే మాట అయిపోయాయని ఆ పేరు చెబుతుంది. అమెరికాలో 1974లో ఒక మందు కంపెనీ పిచ్చి మందుకు ప్రకటన వేస్తే, అందులో బొమ్మ పిడికిలి బిగించిన నల్లవాడు. పౌరహక్కుల కోసం బిగించిన పిడికిలి డాక్టర్ల పత్రికలోకి వచ్చేసరికి రోగ లక్షణమయింది.

ఫారాలూ అంకెలూ వచ్చాక ఈ పక్షపాతం పోయిందా? కెనడాలో జెఫ్రీ ఇవర్ట్ అనే మెటిస్ ఆదివాసీ ఖైదీ సరిగ్గా ఇదే అడిగాడు. సైకోపతీ చెక్‌లిస్టుతో సహా అయిదు ఫారాలతో తనను కొలుస్తున్నారు, ఇవి ఆదివాసీల మీద సరిగ్గా పనిచేస్తాయని ఎవరు తేల్చారు అన్నాడు. 2018 జూన్ 13న కెనడా సుప్రీంకోర్టు అతని మాట నిజమేనంది. ఖైదీ గురించి వాడే సమాచారం ఖచ్చితంగా ఉండేట్టు చూడటం జైళ్ళ శాఖ చట్టబద్ధ బాధ్యత, ఆదివాసీల విషయంలో ఆ బాధ్యత తప్పింది అంది. అతను అడిగినవన్నీ కోర్టు ఒప్పుకోలేదు. ఈ ఒక్కటి ఒప్పుకుంది. ఈ ఒక్కటి మనకు చాలు. కొలబద్ద మా ఒంటికి సరిపోతుందో లేదో చూడకుండా మమ్మల్ని కొలవొద్దు.

ఇంకో సంగతి. కొలబద్ద మంచిదే అనుకుందాం. నల్లబల్ల మీద ఒక లెక్క వేస్తాను, ఎనిమిదో తరగతి పిల్లలకు చెప్పే లెక్కే. వెయ్యిమంది ఉన్నారనుకోండి. వాళ్ళల్లో నిజంగా హింస చేయబోయేది 50 మంది అనుకోండి. ఫారం నూటికి 80 పాళ్ళు సరిగ్గా చెబుతుంది అనుకోండి. ఆ 50 మందిలో 40 మందిని పట్టుకుంటుంది. బాగుంది. మిగిలిన 950 మందిలో నూటికి 20 పాళ్ళు తప్పు చెబుతుంది గదా, అంటే 190 మంది. మొత్తం ప్రమాదకారులని ముద్ర పడింది 230 మందికి. అందులో నిజంగా ప్రమాదకారులు 40 మంది. నూటికి 80 మార్కులు తెచ్చుకున్న ఫారం, ముద్ర వేసిన ప్రతి ఆరుగురిలో దాదాపు అయిదుగురి విషయంలో తప్పింది. ఇది ఎవరి పక్షపాతమూ కాదు, అంకెల స్వభావం. జరిగేది ఎంత అరుదైతే ముద్ర అంత తప్పుతుంది.

నేను ఊహించిన లెక్క వద్దంటే జరిగిన లెక్క చూడండి. సీనా ఫాజెల్ బృందం 2012లో 13 దేశాల నుంచి దాదాపు 25 వేల మంది వివరాలు కలిపి చూసింది. ఒక మోస్తరు లేక ఎక్కువ ప్రమాదం అని తేల్చినవాళ్ళలో తర్వాత హింసకు పాల్పడ్డది నూటికి 41 మంది. తక్కువ ప్రమాదం అన్నవాళ్ళ విషయంలో మాత్రం నూటికి 91 సార్లు సరిగ్గా చెప్పాయి. అంటే ఈ ఫారాలు ఎవర్ని ఇంటికి పంపొచ్చో చెప్పటంలో గట్టివి, ఎవర్ని బంధించాలో చెప్పటంలో బలహీనమైనవి. మరి మనం వాటిని దేనికి వాడుతున్నాం?

డాక్టర్ల ఇబ్బంది నాకు తెలియక కాదు. వదిలినోడు రేపు కొడితే పేపర్లో డాక్టరు పేరొస్తుంది. వదలకపోతే ఎవరూ అడగరు. లోపల ఉన్నోడు తాను కొట్టేవాణ్ణి కాదని ఎట్లా రుజువు చేస్తాడు? తాళం వేసినంతకాలం డాక్టరు మాట తప్పని తేలే దారే లేదు. ఒక వైపు తప్పుకు శిక్ష ఉండి, రెండో వైపు తప్పు కంటికే కనపడకపోతే కలం ఎటు వంగుతుందో చెప్పాలా? ఆ వంగిన కలం కింద పడేది ఎవరో మచల్ లాలుంగ్‌ని అడగండి. అస్సాంలో తివా ఆదివాసీ. 1951లో పట్టుకుపోయి తేజ్‌పూర్ మానసిక ఆసుపత్రిలో పెట్టారు. 1967లో బాగున్నాడని ఆసుపత్రే చెప్పింది. ఇంటికి పంపటానికి బదులు జైలుకు పంపారు. విచారణ లేదు, శిక్ష లేదు. మానవ హక్కుల కమిషన్ కదిలాక 2005లో, 54 ఏళ్ళ తర్వాత, ఒక్క రూపాయి పూచీకత్తు మీద వదిలారు. 2007లో పోయాడు. ఒక్క రూపాయి! అప్పటి బీహారులోని హజారీబాగ్ జైల్లో నయమైన మనుషులు పాతికేళ్ళు, ముప్పయ్యేళ్ళు పిచ్చోళ్ళ పేరుతో మగ్గిన సంగతి 1982లో వీణా సేథీ కేసులో సుప్రీంకోర్టే చూసింది. వాళ్ళల్లో భూస్వాముల కొడుకులు ఎంతమంది ఉంటారనుకుంటున్నారు? డబ్బున్నోడి కొడుక్కి పిచ్చెక్కితే ప్రైవేటు నర్సింగ్ హోము. మనోడికి పిచ్చెక్కితే పోలీసు స్టేషను.

ఇక్కడ మనలోనే ఒక ప్రశ్న వస్తుంది. రావాల. అయితే ప్రమాదమనేదే లేదా? ఎవర్నీ అంచనా వెయ్యొద్దా? దెబ్బలు తినే ఆడోళ్ళ సంగతేంటి? జబ్బు ముదిరినప్పుడు దెబ్బ ముందు పడేది ఇంట్లోవాళ్ళ మీదే, అందులోనూ తల్లి మీద, పెళ్ళాం మీద. మా పెద్దమ్మ కూడా కొన్ని రాత్రులు పిల్లల్ని తీసుకుని పక్కింట్లో పడుకుంది. ఆ భయం నిజం. దాన్ని కాదనే హక్కు ఏ ఉద్యమకారుడికీ లేదు. అయితే మా పెద్దమ్మ అడిగింది ఏంటి? ఆయన్ని తొమ్మిదేళ్ళు మూసిపెట్టమని అడగలేదు. దగ్గర్లో మందిచ్చే డాక్టరు కావాలంది. మందేసుకోని రోజు కబురు చేస్తే వచ్చే మనిషి కావాలంది. అంచనా వెయ్యండి, వద్దన్నదెవరు? ఎప్పుడు, ఎక్కడ, ఎవరివల్ల, ఏం జరిగితే ఈ మనిషికి కోపం కట్టలు తెంచుకుంటుందో తెలుసుకుని దాన్ని ఆపటానికి వెయ్యండి. హెచ్.సి.ఆర్.-20లో రేపటికి పెట్టిన అయిదు అంశాలూ అవే. ఎక్కడుంటాడు, ఎవరు తోడుంటారు, మందెట్లా అందుతుంది, ఏ ఒత్తిడి మీద పడుతుంది. అవి సర్కారు తీర్చాల్సిన లోట్లు. వాటిని రోగి నేరాలుగా లెక్కగట్టి తాళం వెయ్యటమే మా పోట్లాట. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 19వ సెక్షన్ కుటుంబం లేదనో, ఇల్లు లేదనో మనిషిని ఆసుపత్రిలో ఉంచకూడదంటుంది. 21వ సెక్షన్ కులం పేరుతో వివక్ష చూపకూడదంటుంది. చట్టం ఆ మాట రాసుకుంది. గేటు కాడ ఎవరూ చదవలేదు.

ఇంక అసలు మాటకొస్తాను. మీ ఫారాలన్నీ ఒంటరి మనిషినే ఎందుకు కొలుస్తాయి? అమెరికాలో వేసిన లెక్కల ప్రకారం సమాజంలో జరిగే హింసలో పెద్ద మానసిక జబ్బుల వంతు నూటికి నాలుగు పాళ్ళు. మిగతా 96 పాళ్ళు బుద్ధి సరిగ్గా ఉన్నోళ్ళదే. కారంచేడులో గొడ్డళ్ళు పట్టిన వాళ్ళల్లో పిచ్చోడెవడు? మంచినీళ్ళ చెరువు దగ్గర మాట అనిందని ముందురోజు గొడవ. చుండూరులో సినిమా హాల్లో కాలు తగిలిందని మొదలై, నెల రోజుల సాంఘిక బహిష్కారం, పోలీసు పికెట్. ఇంతకంటే ముందస్తు లక్షణాలు ఇంకేం కావాల? ఆ ఊరికి ఎవరు ఫారం నింపారు? గతంలో హింస ఉందా, ఉంది. ఆయుధాలున్నాయా, ఉన్నాయి. చేసినదానికి పశ్చాత్తాపం ఉందా, లేదు. అడ్డుకునే వ్యవస్థ మీద భయం ఉందా, లేదు. నలభైకి నలభై వచ్చే ఊరు అది. చుండూరు కేసులో 2007లో ప్రత్యేక కోర్టు 56 మందికి శిక్ష వేస్తే 2014లో హైకోర్టు అందర్నీ వదిలేసింది. వదిలేముందు వీళ్ళు మళ్ళీ కొడతారా అని ఏ మనోవైద్యుణ్ణీ అడగలేదు. ఆ ప్రశ్న మా పెదనాన్నకే దాచిపెట్టారు.

ఊరిని అంచనా వేసే చట్టం లేదనుకోకండి, ఉంది. 1995 నాటి అత్యాచారాల నిరోధక నిబంధనల్లో మూడో నిబంధన చదవండి. అత్యాచారాలు జరిగే అవకాశమున్న ప్రాంతాలను సర్కారు ముందే గుర్తించాల. అక్కడి తుపాకీ లైసెన్సులు రద్దు చెయ్యాల. అవసరమైతే దళితులకు ఆయుధ లైసెన్సు ఇవ్వాల. 2015లో సవరించి, 2016 జనవరి 26 నుంచి అమల్లోకి వచ్చిన చట్టంలో పదో సెక్షన్ ప్రకారం, అట్లా గుర్తించిన ప్రాంతంలో నేరం చేసే అవకాశమున్నవాణ్ణి ప్రత్యేక కోర్టు ఊరినుంచి బయటికి పంపొచ్చు. ఇది కూడా ప్రమాద అంచనానే గదా! పిచ్చోడి మీద వాడే అంచనా తొమ్మిదేళ్ళు పనిచేస్తుంది. పెత్తందారు మీద వాడాల్సిన అంచనా ఫైలు కట్టలో నిద్రపోతుంది.

కాబట్టి విద్యార్థి మిత్రులారా, ఉద్యమంలో ఉన్న అన్నలారా, అక్కలారా, మనం అడగాల్సినవి ఇవి. ప్రతి ఫోరెన్సిక్ నివేదికలో ఒక గడి పెట్టాల. ఈ మనిషి కొట్టకముందు ఈ మనిషికి ఏం జరిగింది? పోలీసు కాగితం చాలదు, వాడపోయి అడిగి రాయాల. మన జనం మీద పరీక్షించని ఏ కొలబద్దనూ మన మీద వాడకూడదు. పేదరికాన్ని ప్రమాదంగా లెక్కేయకూడదు, ఆస్తి పూచీ అడగకూడదు. ప్రమాదకారి అని రాసిన ప్రతి కాగితానికీ గడువుండాల, తెలుగులో కుటుంబానికి నకలివ్వాల, దాన్ని ప్రశ్నించటానికి సర్కారు ఖర్చుతో వకీలుండాల. ఆ గదుల్లో రాసే కలాల్లో మన వాడల కలాలుండాల. మనోవైద్యం చదవండి. సోషల్ వర్క్ చదవండి. లా చదవండి. మన భయాన్ని జబ్బనకుండా చదవగలిగేది మనమే.

మనిషిని కొలుస్తానంటే కొలవండి. పక్కనే రెండో ఫారం పెట్టి, ఆ మనిషిని స్తంభానికి కట్టేసిన ఊరికి కూడా మార్కులెయ్యండి. ఆ రెండో ఫారం ఖాళీగా ఉన్నంతకాలం మొదటి ఫారం మీద మీ సంతకాన్ని మేం శాస్త్రమని ఒప్పుకోం.